2024 అమెరికా అధ్యక్ష డిబేట్లు: ఓటరుకు అందిన సేవపై ఒక సమీక్ష

అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో టీవీ డిబేట్‌ను నేను ఓటరు కోసం నడవవలసిన ఒక సేవగా చూస్తాను. సభల్లో అభ్యర్థులు తాము చెప్పదలచుకున్నదే చెబుతారు, ప్రకటనల్లో తమకు అనుకూలమైనదే చూపిస్తారు, ఇంటర్వ్యూలకు తమకు నచ్చిన చోటును ఎంచుకుంటారు. ప్రత్యర్థి పక్కనే నిలబడి, రాసి తెచ్చుకున్న కాగితం చేతిలో లేకుండా, నిలదీసే హక్కున్న మరొకరి ముందు జవాబు చెప్పుకోవలసిన సందర్భం మొత్తం ప్రచారంలో ఇదొక్కటే. అందుకే ఈ 2024లో జరిగిన మూడు డిబేట్లను, అంటే జూన్ 27న అట్లాంటాలో సీఎన్ఎన్ (డెమొక్రాట్ అధ్యక్షుడు బైడెన్, రిపబ్లికన్ మాజీ అధ్యక్షుడు ట్రంప్ మధ్య), సెప్టెంబరు 10న ఫిలడెల్ఫియాలో ఏబీసీ (బైడెన్ స్థానంలో వచ్చిన ఉపాధ్యక్షురాలు హారిస్, ట్రంప్ మధ్య), అక్టోబరు 1న న్యూయార్క్‌లో సీబీఎస్ (వారి ఉపాధ్యక్ష అభ్యర్థులు వాల్జ్, వాన్స్ మధ్య) నిర్వహించిన వాటిని, ఎవరు గెలిచారన్న పట్టింపు పక్కన పెట్టి, ఓటు వేయబోయే మనిషికి వాటివల్ల ఏం తెలిసింది అన్న దృష్టితో చూశాను. ఆ తర్వాత చానళ్లు విడుదల చేసిన పూర్తి పాఠాలను కూడా చదివాను. నేనిది రాస్తున్న 2024 అక్టోబరు మధ్యనాటికి మా వర్జీనియాలో ముందస్తు ఓటింగ్ మొదలై మూడు వారాలు దాటింది కనుక, ఇంకా ఓటు వేయని తెలుగువారికి ఇది ఉపయోగపడుతుందన్న ఆశ ఉంది.

నా అభిప్రాయం సూటిగా ఇది. వేదిక నిర్వహణలో ఈ ఏడాది డిబేట్లు గతంకన్నా ఎంతో మెరుగుపడ్డాయి, అభ్యర్థుల మాట స్పష్టంగా వినిపించింది. కాని అడిగిన ప్రశ్నకు జవాబు రాబట్టడంలో మూడూ అత్తెసరు మార్కులతోనే గట్టెక్కాయి. అంతకన్నా పెద్ద లోపం మరొకటి ఉంది. డిబేట్ ఎప్పుడు జరగాలి, ఎన్ని జరగాలి, ఏ నియమాలతో జరగాలి అన్నది పూర్తిగా ప్రచార బృందాలు, చానళ్లు కూర్చుని తేల్చుకునే వ్యవహారంగా మారిపోయింది. ఓటరు తరఫున మాట్లాడే వారెవరూ ఆ చర్చల్లో లేరు.

ఈ మార్పు ఎలా వచ్చిందో తెలిస్తే గాని ఈ ఏడాది సేవ విలువ అర్థం కాదు. 1960 సెప్టెంబరు 26న షికాగోలోని స్టూడియోలో కెనెడీ, నిక్సన్ ఎదురెదురుగా నిలిచినప్పుడు నిర్వాహకులు చానళ్లే. ఆ తర్వాత మూడు ఎన్నికల్లో అసలు డిబేట్లే జరగలేదు, ఎందుకంటే ఒప్పుకోవలసిన అవసరం ముందంజలో ఉన్న అభ్యర్థికి కనిపించలేదు. 1976 నుంచి మహిళా ఓటర్ల సంఘం ఆ బాధ్యత తీసుకుంది. 1988 అక్టోబరులో రెండు ప్రచార బృందాలు తమలో తాము నియమాలు రాసుకుని ఆ సంఘం ముందు పెట్టినప్పుడు, ఇది ఓటరును మోసగించడమే అవుతుందని బహిరంగంగా ప్రకటించి ఆ సంఘం తప్పుకుంది. నా దృష్టిలో డిబేట్ల చరిత్రలోకెల్లా గౌరవించదగిన నిర్ణయం అదే. రెండు పార్టీల అధ్యక్షులు కలిసి 1987లో ఏర్పాటు చేసిన డిబేట్ల కమిషన్ అప్పటి నుంచి 2020 వరకు ఈ పని నడిపింది. అది రెండు పెద్ద పార్టీల పక్షపాతి అన్న విమర్శలో నిజముంది. అయినా తేదీలు, వేదికలు ఏడాది ముందే ప్రకటించేది, ప్రకటనల విరామాలు ఉండేవి కావు, విశ్వవిద్యాలయాల ప్రాంగణాల్లో విద్యార్థుల మధ్య డిబేట్లు జరిగేవి. 2022 ఏప్రిల్‌లో రిపబ్లికన్ జాతీయ కమిటీ ఆ కమిషన్‌కు దూరమవుతున్నట్లు తీర్మానించింది. ఈ ఏడాది మే నెలలో బైడెన్ బృందం కూడా అదే దారి పట్టి, ట్రంప్ బృందంతో కలిసి నేరుగా సీఎన్ఎన్, ఏబీసీలతో ఒప్పందాలు చేసుకుంది. దానితో కమిషన్ తన ఏర్పాట్లన్నీ రద్దు చేసుకోవలసి వచ్చింది. అలా రద్దయిన వేదికల్లో మా రాష్ట్రంలోని పీటర్స్‌బర్గ్‌లో ఉన్న వర్జీనియా స్టేట్ విశ్వవిద్యాలయం కూడా ఉంది. నల్లజాతి విద్యార్థుల కోసం పుట్టిన విద్యాసంస్థ ఒకటి అధ్యక్ష అభ్యర్థుల డిబేట్‌కు ఆతిథ్యం ఇవ్వడం అదే మొదటిసారి అయ్యేది. ఆ అవకాశం ఏ కారణమూ లేకుండా, రెండు బృందాల సౌకర్యం కోసం పోయింది. దీనిని నేను చిన్న నష్టంగా భావించలేను.

కమిషన్‌తో పాటు పోయిన మరొక విలువైన వస్తువు టౌన్ హాల్ డిబేట్. 1992 అక్టోబరులో మా వర్జీనియాలోనే, రిచ్మండ్ విశ్వవిద్యాలయంలో, ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని మామూలు పౌరులు ముగ్గురు అభ్యర్థులను స్వయంగా ప్రశ్నించారు. దేశపు అప్పు మీ సొంత జీవితం మీద ఎలా ప్రభావం చూపిందని ఒక మహిళ అడిగినప్పుడు అధ్యక్షుడు బుష్ ప్రశ్న అర్థం కాక తడబడ్డారు, క్లింటన్ ఆమె దగ్గరకు నడిచి వెళ్లి, ఆమె ఇబ్బందేమిటో అడిగి జవాబు చెప్పారు. ఆ ప్రశ్న ఏ జర్నలిస్టుకూ తోచేది కాదు, ఎందుకంటే అది ఆర్థిక శాస్త్రం నుంచి రాలేదు, ఆ రోజుల్లో ఉద్యోగాలు పోయి ఇళ్లు వదులుకుంటున్న మనుషుల మధ్య బతికిన వారి నుంచి వచ్చింది. అప్పటి నుంచి 2016 వరకు ప్రతి ఎన్నికలోనూ ఒక డిబేట్ ఈ పద్ధతిలో జరిగింది. 2020లో జరగవలసినది రద్దయింది, ఈ ఏడాది ఎవరూ దాని ఊసే ఎత్తలేదు. ఓటరును వేదిక మీద నుంచి తొలగించిన తర్వాత ఆ సేవ ఓటరు కోసమేనని చెప్పుకోవడం కష్టం.

ఇక మెచ్చుకోవలసిన వాటికి వస్తాను. 2020 సెప్టెంబరు 29న క్లీవ్‌లాండ్‌లో జరిగిన డిబేట్ చూసినవారికి గుర్తుండే ఉంటుంది, ఒకరి మాటల మీద మరొకరు మాట్లాడుతూ, డిబేట్ నడిపే మోడరేటర్ బతిమాలుతూ, తొంభై నిమిషాల్లో ఒక విధానం గురించి కూడా పూర్తి వాక్యం వినబడలేదు. అదే ఏడాది నాష్‌విల్‌లో జరిగిన చివరి డిబేట్‌లో ప్రతి అంశానికీ మొదటి రెండు నిమిషాలు రెండోవారి మైకు ఆపడంతో పరిస్థితి చక్కబడింది. ఈ జూన్‌లో సీఎన్ఎన్ దానిని ఇంకా ముందుకు తీసుకెళ్లి, తమ వంతు కాని అభ్యర్థి మైకును అన్ని వేళలా ఆపే నియమం పెట్టింది, ప్రేక్షకులను స్టూడియోలోకి అనుమతించలేదు. ఏబీసీ కూడా దాదాపు అదే పాటించింది. చప్పట్లు, కేకలు లేకపోవడం వల్ల ఒక జవాబు బలమైనదో బలహీనమైనదో ఇంట్లో కూర్చున్న మనిషి తనంతట తాను నిర్ణయించుకోగలిగాడు. ఇది నిజమైన మెరుగుదల, ఇక ముందు ఎవరు నిర్వహించినా దీనిని వదులుకోకూడదు. ఒక్క విషయం మాత్రం నాకు నచ్చలేదు. తెరను రెండు భాగాలు చేసి, మాట్లాడని అభ్యర్థి ముఖాన్ని నిరంతరం చూపించడం వల్ల మాట కన్నా ముఖకవళికల మీద తీర్పులు ఎక్కువయ్యాయి. జూన్‌లో బైడెన్ చూపు గురించి, సెప్టెంబరులో హారిస్ నవ్వు గురించి మర్నాడు జరిగిన చర్చలో పదో వంతు కూడా వారు చెప్పిన విధానాల గురించి జరగలేదు.

జూన్ డిబేట్ గురించి నా అంచనా మిశ్రమంగా ఉంది. ఒక అర్థంలో ఏ డిబేట్ కూడా ఓటరుకు ఇంతకన్నా పెద్ద మేలు చేయలేదు. ఒక అధ్యక్షుడు మరో నాలుగేళ్లు ఆ బాధ్యత మోయగలరా అన్న ప్రశ్నకు నెలల తరబడి పార్టీ నాయకులు, సిబ్బంది చెబుతూ వచ్చిన భరోసాను 5 కోట్ల మందికి పైగా ప్రేక్షకులు తమ కళ్లతో సరిచూసుకోగలిగారు. జాతీయ అప్పు గురించి బైడెన్ మొదలుపెట్టిన జవాబు దారి తప్పి, చివరికి మెడికేర్‌ను (వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమాను) ఓడించామన్న అర్థం లేని వాక్యంతో ఆగిపోయినప్పుడు, ఆయన హయాంలోని కొన్ని నిర్ణయాలను మనస్ఫూర్తిగా సమర్థించిన నాకు బాధ కలిగింది. కాని ఆ బాధ కలిగించడం డిబేట్ పనిలో భాగమే. జూలై 21న ఆయన పోటీ నుంచి తప్పుకున్నారు, ఆయన స్థానంలో హారిస్ అభ్యర్థి అయ్యారు. సాధారణ ఎన్నికల డిబేట్ జూన్‌లోనే జరగడం చరిత్రలో ఇదే మొదటిసారి, ఆ తొందర వల్లనే పార్టీకి అభ్యర్థిని మార్చుకునే సమయం దొరికింది.

మరో అర్థంలో మాత్రం ఆ రాత్రి మోడరేటర్లు తమ పని సగమే చేశారు. అక్కడికక్కడ తప్పులు సరిదిద్దబోమని సీఎన్ఎన్ ముందే నిర్ణయించుకుంది, ఫలితంగా ఇద్దరి అసత్యాలూ అలాగే గాలిలో మిగిలిపోయాయి. ప్రపంచంలో ఎక్కడా తన హయాంలో సైనికులు చనిపోలేదన్నట్టు బైడెన్ మాట్లాడారు. 2021 ఆగస్టులో కాబూల్ విమానాశ్రయం దగ్గర 13 మంది, 2024 జనవరిలో జోర్డాన్‌లో ముగ్గురు అమెరికన్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. గర్భస్రావ హక్కుపై 1973 నాటి తీర్పును రద్దు చేయాలని అందరూ కోరుకున్నారని ట్రంప్ అన్నారు. అది నిజం కాదని ఆ తీర్పుపై అర్ధశతాబ్దంగా సాగిన పోరాటమే చెబుతుంది. పిల్లల సంరక్షణ ఖర్చు గురించి అడిగినప్పుడు జరిగినది నాకు ఇంకా పెద్ద నిరాశ. చిన్నపిల్లలున్న ప్రతి కుటుంబానికీ డేకేర్ రుసుము ఇంటి అద్దెతో పోటీపడే ఈ రోజుల్లో, ట్రంప్ తాను తొలగించిన అధికారుల గురించి చెప్పారు, బైడెన్ అధ్వాన అధ్యక్షుడెవరన్న వాదనలోకి వెళ్లి పన్ను రాయితీని ఒక వాక్యంలో దాటించారు. మోడరేటర్ ప్రశ్నను మళ్లీ గుర్తుచేసినా ఫలితం లేదు. ఆ తర్వాత కాసేపటికి ఇద్దరూ గోల్ఫ్ ఎవరు బాగా ఆడతారన్న దానిపై వాదించుకున్నారు. ఎన్నికల ఫలితాన్ని అంగీకరిస్తారా అన్న ప్రశ్నను మాత్రం మోడరేటర్ డేనా బాష్ ట్రంప్‌ను వదలకుండా మళ్లీ మళ్లీ అడిగారు. ఎన్నిక న్యాయంగా, చట్టబద్ధంగా జరిగితే అన్న షరతుతో కూడిన జవాబు చివరికి వచ్చింది. ఆ షరతును ఎలా అర్థం చేసుకోవాలో ఓటరు ఇష్టం, కాని ఆ షరతు ఉన్నదన్న సంగతి బయటపడింది ఆ పట్టుదల వల్లనే. అదే పట్టుదలను డేకేర్ ప్రశ్నకు ఎందుకు చూపలేదన్నది నా ఫిర్యాదు.

సెప్టెంబరు డిబేట్‌ను 6 కోట్ల 70 లక్షల మంది చూశారు. మొదటి ప్రశ్న చాలా బాగుంది: ఆర్థికంగా చూస్తే అమెరికన్లు నాలుగేళ్ల క్రితంకన్నా మెరుగైన స్థితిలో ఉన్నారా? 1980లో కార్టర్‌తో జరిగిన డిబేట్‌లో రేగన్ ఓటర్లను వేసుకొమ్మన్న ప్రశ్నే ఇది. హారిస్ దానికి అవునని గాని కాదని గాని చెప్పలేదు. మధ్యతరగతి కుటుంబంలో పెరిగిన నేపథ్యం, కొత్తగా బిడ్డ పుట్టిన కుటుంబాలకు 6,000 డాలర్ల రాయితీ, చిన్న వ్యాపారాలకు 50,000 డాలర్ల పన్ను మినహాయింపు చెప్పి ముగించారు. ఆ ప్రతిపాదనలు వినదగినవే, కాని అడిగినది అది కాదు. గత నాలుగేళ్లలో కిరాణా బిల్లు ఎలా పెరిగిందో తెలిసిన మనిషికి, ఆ ప్రభుత్వంలో రెండో స్థానంలో ఉన్నవారి నుంచి ఒక నిజాయితీగల జవాబు రావలసింది. మోడరేటర్ మరోసారి అడిగి ఉంటే ఆ ముప్పై సెకన్లు మొత్తం తొంభై నిమిషాలకన్నా విలువైనవయ్యేవి. అదే విధంగా, ఒబామా కాలపు ఆరోగ్య బీమా చట్టం స్థానంలో ఏం తెస్తారన్న ప్రశ్నకు, తొమ్మిదేళ్లుగా ఆ హామీ ఇస్తూ వచ్చిన ట్రంప్ తన దగ్గర ఒక ప్రణాళిక తాలూకు ఆలోచనలున్నాయని అన్నారు. ఇక్కడ మాత్రం మోడరేటర్ లిన్సీ డేవిస్ సూటిగా మళ్లీ అడగడం వల్లనే, ప్రణాళిక ఇంకా లేదన్న విషయం ఓటరుకు తెలిసింది. గర్భస్రావంపై జాతీయ నిషేధం వస్తే వీటో చేస్తారా అన్న ప్రశ్నకు కూడా ఆయన తేల్చి చెప్పలేదు, అది కూడా ఒక సమాచారమే.

ఏబీసీ నిజ నిర్ధారణ మీద పెద్ద వివాదం నడిచింది, కనుక నా అభిప్రాయం దాచను. ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో వలసదారులు ఇరుగుపొరుగు వారి పెంపుడు జంతువులను తింటున్నారన్న మాట అధ్యక్ష అభ్యర్థి నోట దేశమంతా వింటున్నప్పుడు, నగర అధికారులు దానికి ఆధారం లేదన్నారని రెండో మోడరేటర్ డేవిడ్ మ్యూర్ చెప్పడం అవసరమే, మౌనంగా ఉంటే అది తప్పయ్యేది. వలస వచ్చిన కుటుంబంగా ఆ మాట మా పిల్లలు బడిలో కూడా ఎదుర్కోవలసి వస్తుందన్న ఆందోళన నాకుంది. కాని సరిదిద్దే పని పెట్టుకున్నప్పుడు రెండు వైపులా చేయాలి. ట్రంప్ దిగిపోయేనాటికి 1930ల నాటి మహామాంద్యం తర్వాత అంతటి నిరుద్యోగం ఎన్నడూ లేదన్నట్టు హారిస్ అన్నారు. 2020 ఏప్రిల్‌లో అది 14.8 శాతానికి చేరిన మాట నిజమే గాని, 2021 జనవరికి 6.4 శాతానికి తగ్గింది. ఏ యుద్ధ క్షేత్రంలోనూ అమెరికన్ సైనికులు లేరన్న ఆమె మాట కూడా ఎర్ర సముద్రంలో, ఇరాక్, సిరియాల్లో పనిచేస్తున్న వారి కుటుంబాలకు వింతగా తోచి ఉంటుంది. వీటిని వదిలేసి ఒక వైపే సరిదిద్దడం వల్ల, సరిగా చేసిన దిద్దుబాట్లకు కూడా పక్షపాతమన్న పేరు వచ్చింది. ఇద్దరు చెప్పిన అబద్ధాల తీవ్రత సమానమని నేననడం లేదు. కొలిచే గరిటె ఒకటే ఉండాలంటున్నాను.

మూడింటిలో నాకు ఎక్కువగా నచ్చినది ఉపాధ్యక్ష అభ్యర్థుల డిబేట్, దానినే అందరికన్నా తక్కువమంది, 4 కోట్ల 30 లక్షల మంది, చూశారు. ఆ రోజే ఇరాన్ ఇజ్రాయెల్‌పై క్షిపణులు ప్రయోగించడంతో మొదటి ప్రశ్న విదేశాంగ విధానం మీద వచ్చింది, వాల్జ్ తడబడుతూ మొదలుపెట్టారు. వాన్స్ అనుభవమున్న న్యాయవాదిలా తొణకకుండా మాట్లాడారు. ఆ తర్వాత ఇళ్ల ధరలు, పిల్లల సంరక్షణ, వేతనంతో కూడిన సెలవు వంటి ఇంటి విషయాలకు ఈ ఏడాది మొదటిసారి తగినంత సమయం దక్కింది. మిన్నెసోటా గవర్నరుగా తాను సంతకం చేసిన సెలవు చట్టాన్ని వాల్జ్ వివరించారు, కుటుంబాలు రకరకాల పద్ధతులు ఎంచుకునేలా సాయముండాలని వాన్స్ వాదించారు, ఒకరు చెప్పినదానిలో మంచిని మరొకరు ఒప్పుకున్నారు కూడా. వాన్స్ గారి భార్య ఉష మన తెలుగు మూలాలున్న కుటుంబం నుంచి వచ్చినందువల్ల మన వాళ్లలో ఈ డిబేట్ మీద ఆసక్తి ఎక్కువగా కనిపించింది. ఆ ఆనందం సహజమే, నాకూ ఉంది, కాని బ్యాలెట్ మీద ఉన్నవి అభ్యర్థుల విధానాలు.

సీబీఎస్ తన నిజ నిర్ధారణను తెర మీద ఒక క్యూఆర్ కోడ్ ద్వారా విడిగా అందించింది. చదువుకునే ఓపిక ఉన్నవారికి ఇది మంచి ఏర్పాటు, కాని టీవీ ముందు కూర్చున్న పెద్దవారికి అందని ఏర్పాటు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లోని హైతీ వలసదారుల్లో చాలామందికి చట్టబద్ధమైన తాత్కాలిక రక్షణ ఉందని మోడరేటర్ గుర్తుచేసినప్పుడు, నిజ నిర్ధారణ ఉండదన్నది నియమం కదా అని వాన్స్ అభ్యంతరం చెప్పి ఆ ప్రక్రియను వివరించబోయారు, కాసేపటికి ఇద్దరి మైకులూ ఆగిపోయాయి. చట్టబద్ధమైన వలస ఎలా పనిచేస్తుందన్న చర్చ మూడు డిబేట్లలో మొదలైనది ఆ ఒక్క నిమిషమే, దానినే ఆపేశారు. చివర్లో 2020 ఎన్నికలో ట్రంప్ ఓడిపోయారా అని వాల్జ్ నేరుగా అడగడం, తాను భవిష్యత్తు మీద దృష్టి పెట్టానని వాన్స్ దాటవేయడం ఆ రాత్రికి అత్యంత ముఖ్యమైన క్షణం. ఎన్నికలో ఓడినవారు ఓటమిని ఒప్పుకోవాలన్నది నా మొదటి కొలమానం, పన్నులూ వలసలూ దాని తర్వాతే. ఆ ప్రశ్నకు జవాబు రాకపోవడాన్ని నేను అంతే బరువుగా తీసుకున్నాను. మోడరేటర్ల ప్రశ్నకన్నా ప్రత్యర్థి ప్రశ్నే ఎక్కువ బయటపెట్టగలిగిందంటే, అభ్యర్థులు ఒకరినొకరు ప్రశ్నించుకునే సమయం నియమంగా ఉండాలి.

ఇప్పుడు ఈ సేవ మాలాంటి వారికి పూర్తిగా విఫలమైన చోటు. మూడు డిబేట్లలో వలసల గురించి ప్రశ్నలు లెక్కకు మించి వచ్చాయి, అన్నీ దక్షిణ సరిహద్దు చుట్టూనే తిరిగాయి. ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల క్యూ గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. 1990 నాటి చట్టం ఏటా సుమారు 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులకు అనుమతిస్తుంది, ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ మొత్తంలో 7 శాతానికి మించి ఇవ్వకూడదంటుంది. దేశం చిన్నదైనా పెద్దదైనా అదే పరిమితి. ఫలితంగా భారతదేశంలో పుట్టిన ఇంజనీర్లకు, డాక్టర్లకు 2024 అక్టోబరులో నడుస్తున్న వంతు 2012లో దరఖాస్తు చేసినవారిది. చట్టాన్ని పాటిస్తూ, పన్నులు కడుతూ, ఇల్లు కొనుక్కుని, ఉద్యోగం పోతే 60 రోజుల్లో మరో ఉద్యోగం వెతుక్కోవాలన్న భయంతో పదేళ్లు దాటి బతుకుతున్నవారు మన ప్రతి అపార్ట్‌మెంట్ సముదాయంలోనూ ఉన్నారు. ఇక్కడికి పసిపిల్లలుగా వచ్చి, ఇక్కడే చదువుకున్నవారు 21 ఏళ్లు నిండగానే తల్లిదండ్రుల దరఖాస్తు నుంచి జారిపోయి, సొంతంగా వీసా వెతుక్కోవలసి వస్తోంది. వారికి ఓటు లేదు, వారి తరఫున అడగవలసింది ఓటున్న మనమే.

ఈ ప్రశ్న అడగడానికి సమాచారం లేక కాదు. జూన్ 20న విడుదలైన ఒక పాడ్‌కాస్ట్‌లో ట్రంప్, అమెరికా కళాశాలల్లో పట్టా పొందిన విదేశీ విద్యార్థులకు దానితో పాటే గ్రీన్‌కార్డు ఇవ్వాలన్నారు. ఆ తర్వాత ఆయన ప్రచార బృందం దానికి పరిమితులు చెప్పింది. సరిగ్గా వారం తర్వాత జరిగిన డిబేట్‌లో, అధ్యక్షుడిగా తాను 2020లో హెచ్1బీ వీసాల మీద తాత్కాలిక నిషేధం విధించిన ఆయనను, ఈ రెండింటిలో ఏది మీ విధానమని ఎవరూ అడగలేదు. మరోవైపు హారిస్ సెనేటర్‌గా 2019లో రిపబ్లికన్ సెనేటర్ మైక్ లీతో కలిసి దేశాలవారీ పరిమితిని తొలగించే బిల్లును ప్రవేశపెట్టారు. అది చట్టం కాలేదు. ఉపాధ్యక్షురాలిగా దానికోసం ఏం చేశారు, అధ్యక్షురాలైతే మళ్లీ తెస్తారా అని సెప్టెంబరులో ఆమెను కూడా ఎవరూ అడగలేదు. ఇద్దరికీ ఈ విషయంలో సొంత చరిత్ర ఉంది, ఇద్దరి మాటలకూ చేతలకూ మధ్య ఖాళీ ఉంది, అలాంటి ఖాళీని ప్రశ్నించడానికే కదా డిబేట్ ఉన్నది. వర్జీనియా, పెన్సిల్వేనియా, జార్జియా, నార్త్ కరోలినాల్లో పౌరసత్వం తీసుకున్న తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు, 2020 ఎన్నికలో జార్జియా తేడా 12,000 ఓట్ల లోపే. ఓట్ల లెక్క చూసుకున్నా ఈ ప్రశ్న అడగదగినదే.

మిగిలిన విషయాలు క్లుప్తంగా చెబుతాను. సీఎన్ఎన్ వేదికకు చేరాలంటే నాలుగు జాతీయ సర్వేల్లో 15 శాతం మద్దతు ఉండాలన్న నియమం వల్ల మూడో అభ్యర్థి ఎవరూ రాలేకపోయారు. 1992లో డిబేట్లకు ముందు సర్వేల్లో 10 శాతం లోపే ఉన్న స్వతంత్ర అభ్యర్థి పెరో, వాటిలో పాల్గొన్న తర్వాత 19 శాతం ఓట్లు తెచ్చుకున్నారని గుర్తుంచుకుంటే, ఆ గీత కనీసం మొదటి డిబేట్‌కైనా తగ్గించాలనిపిస్తుంది. ప్రతి డిబేట్‌కూ రెండు ప్రకటనల విరామాలు ఉండటం నాకు నచ్చలేదు. కేబుల్ లేనివారు కూడా ఉచితంగా చూడగలగడం, అదే రాత్రి పూర్తి పాఠాలు అందుబాటులోకి రావడం మెచ్చుకోదగినవి. తూర్పు ప్రాంతంలో రాత్రి 9 గంటలకు మొదలుపెట్టడం మాత్రం తెల్లవారుజామున పనికి వెళ్లేవారికి కష్టం.

హారిస్, ట్రంప్‌ల మధ్య అక్టోబరు 23న మరో డిబేట్‌కు సీఎన్ఎన్ పిలిచింది. హారిస్ ఒప్పుకున్నారు, ఓటింగ్ ఇప్పటికే మొదలైంది కనుక ఆలస్యమైపోయిందని ట్రంప్ నిరాకరించారు. 1980లో రేగన్, కార్టర్ తలపడింది అక్టోబరు 28న, ఎన్నికకు వారం ముందు. కనుక ఆ కారణం నాకు సమంజసంగా అనిపించలేదు. అధ్యక్ష పదవి కోరుకునే ఇద్దరు ఓటరు ముందు కలిసి నిలబడింది ఒక్కసారే కావడం నిరుత్సాహకరం.

ఎన్నిక రోజైన 2024 నవంబరు 5 లోగా సమయం తక్కువగా ఉన్నవారు అక్టోబరు 1 నాటి డిబేట్‌ను మొదట చూడండి, పిల్లల సంరక్షణ, ఇళ్ల ధరల మీద జవాబులు అందులోనే ఉన్నాయి. ఆ తర్వాత సెప్టెంబరు 10 నాటి దానిని చూడటం కన్నా దాని పాఠాన్ని చదవమని నా సలహా, చదువుతున్నప్పుడు ప్రశ్నకు, జవాబుకు మధ్య దూరం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంట్లో ఇంగ్లీషు ధారాళంగా అర్థం కాని పెద్దవారు పౌరసత్వం తీసుకుని ఈసారి మొదటిసారి ఓటు వేస్తుంటే, వారి పక్కన కూర్చుని మీ అభిప్రాయం కలపకుండా ఆ జవాబులను తెలుగులో చెప్పండి, ఎందుకంటే ఆ అనువాదం ఏ చానలూ అందించడం లేదు. అలాగే అధ్యక్ష అభ్యర్థులను అడగలేకపోయిన గ్రీన్‌కార్డు ప్రశ్నను, అదే బ్యాలెట్ మీద ఉన్న మీ ప్రతినిధుల సభ అభ్యర్థిని అడగండి. పరిమితిని మార్చగల చట్టం మొదలవవలసింది కాంగ్రెస్‌లోనే, వారిలో చాలామంది ఈ నెలలో మన ఆలయాల దసరా వేడుకలకు, దీపావళి సమావేశాలకు స్వయంగా వస్తున్నారు.